పెరుగన్నంలో అరటిపండు మానిపించాను, మామగారు మాట్లాడటం మానేశారు

గోపాలపట్నం నుంచి 46 ఏళ్ళ గృహిణి ఒకరు పెద్ద ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. క్లుప్తంగా సంగతి ఇది. రెండు నెలల కిందట ఆవిడకి వాట్సాప్‌లో ‘ఆయుర్వేదం ప్రకారం పళ్ళు తినే పద్ధతి’ అంటూ ఒక చార్టు వచ్చింది. పళ్ళు పరగడుపునే తినాలి, టిఫిన్ బదులు పళ్ళే తింటే ఇంకా మేలు. భోజనంతో గానీ భోజనమయ్యాక గానీ పండు ముట్టకూడదు, కడుపులో కుళ్ళిపోతుంది. పాలతో, పెరుగుతో ఏ పండూ కలపకూడదు. పొద్దుగూకాక పండు విషం. ఇవీ అందులోని సూత్రాలు. ఆవిడ వీటిని ఇంటిల్లిపాదికీ అమలు చేశారు.

ఆవిడకి రెండు కిలోలు బరువు తగ్గింది గానీ, పదకొండయ్యేసరికి గుండెల్లో మంట, పుల్లటి తేన్పులు. పొద్దున తింటున్నవి అనాస, కమలా, ద్రాక్ష. రాత్రే కోసి ఫ్రిజ్‌లో పెట్టుకుని, పొద్దున పైన నిమ్మరసం, చాట్ మసాలా చల్లుకుంటారు. భర్తకి 52 ఏళ్ళు, స్టీల్‌ప్లాంటులో షిఫ్టు డ్యూటీ, ఆరేళ్ళుగా షుగరు. మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన మాత్ర వాడుతున్నారు. ఆయన కూడా టిఫిన్ మానేసి బొప్పాయి ముక్కలు తిని వెళ్తున్నారు. డ్యూటీలో ఉండగా ఒకటి రెండుసార్లు చెమటలు పట్టి చేతులు వణికాయట. జిమ్‌కి వెళ్ళే 20 ఏళ్ళ కొడుకు అరటిపండు మిల్క్‌షేక్ మాననంటున్నాడు. ఎప్పుడు చూసినా ముక్కు దిబ్బడ.

ఇక 77 ఏళ్ళ మామగారు. ఊహ తెలిసినప్పటి నుంచీ మధ్యాహ్నం పెరుగన్నంలో చక్కెరకేళి నంజుకోవడం ఆయన అలవాటు. దాన్ని ఒక్కరోజులో ఆపేసరికి విరేచనం బిగిసింది, అన్నం సగానికి తగ్గింది, కోడలితో మాటలు నిలిచిపోయాయి. సాయంత్రం వాకింగ్ పేరుతో వీధి చివర బండి దగ్గర నిలబడి అరటిపళ్ళు తిని వస్తున్నారని పక్కింటావిడ చెప్పారట. ‘శాస్త్రం చెప్పినట్టే చేశాను కదా, ఎక్కడ తప్పు జరిగింది?’ అని ప్రశ్న.

అమ్మా, మీ చార్టులో సగం శాస్త్రంలో ఉన్నదే. కాకపోతే ఎవరికి, ఎంత, ఎప్పుడు అనే మూడు మాటలూ తీసేసి మిగతాది అచ్చువేశారు. ఆయుర్వేదంలో ఆ మూడూ లేకపోతే మిగిలేది పెద్దగా ఏమీ ఉండదు. మీ ఇంట్లో నలుగురి అరుగుదల నాలుగు రకాలుగా ఉంది, నలుగురికీ ఒకటే కాగితం పెట్టారు. మనిషి మనిషికీ విడిగా చెబుతాను. దానికి ముందు ఆ సూత్రాల సంగతి చూద్దాం.

కడుపులో పండు కుళ్ళిపోవడం అన్నది జరగదు. జీర్ణాశయంలోని ఆమ్లం దానికి అవకాశమివ్వదు. అన్నం, పప్పు, పండు అన్నీ కలిసి నలిగి కొద్దికొద్దిగా చిన్నపేగులోకి దిగుతాయి. భోజనం మీద పండు గురించి ఆయుర్వేదానికి ఉన్న అభ్యంతరం బరువు. కడుపుని నాలుగు భాగాలు అనుకుంటే రెండు అన్నానికి, ఒకటి ద్రవానికి, ఒకటి ఖాళీగా వాయువుకి అని అష్టాంగహృదయమనే పాత ఆయుర్వేద గ్రంథం లెక్క. పండు ఆ రెండు భాగాల్లోనే ఇమడాలి. పూర్తి భోజనం చేసి పైన పండు వేస్తే ఖాళీ ఉంచాల్సిన చోటు నిండిపోతుంది, ఆయాసం, తేన్పులు వస్తాయి. ముందే ఒక చిన్న గరిటెడు అన్నం తగ్గించుకుని తింటే ఆ గొడవ లేదు.

పండు భోజనంతో అసలు కలవకూడదన్నదానికి ప్రాచీన ఆయుర్వేద ఆచార్యుడు సుశ్రుతుడే అడ్డొస్తాడు. భోజన క్రమం చెబుతూ మొదట దానిమ్మ లాంటి పళ్ళు, తరవాత తాగేవి, ఆ తరవాత అన్నం, పిండివంటలు అన్నాడు. తరవాతి కాలపు గ్రంథం భావప్రకాశం అదే మాట చెప్పి, అరటిపండునీ దోసకాయనీ మాత్రం మొదట తినవద్దని మినహాయించింది. ఉసిరికాయకైతే మొదలు, మధ్య, చివర ఎక్కడైనా సరేనన్నాడు సుశ్రుతుడు. కాబట్టి భోజనానికి ముందు ఒక గుప్పెడు దానిమ్మ గింజలు తినడం శాస్త్రానికి విరుద్ధం కాదు, శాస్త్రం చెప్పిందే అది.

పొద్దుగూకాక విషం అన్న మాటకి వస్తే, రాత్రి తినకూడదని ఇంకో ప్రాచీన ఆచార్యుడు చరకుడు గట్టిగా చెప్పింది పెరుగు గురించి. ఆ నిషేధమే చేతులు మారి పండు మీదికి వచ్చినట్టుంది. రాత్రి తొమ్మిదిన్నరకి భోంచేసి, పైన గిన్నెడు పుచ్చకాయ తిని పడుకుంటే ఎవరికైనా ఇబ్బందే. ఏడింటికి తేలిగ్గా తినేవాళ్ళు ముందు నాలుగు దానిమ్మ గింజలు నోట్లో వేసుకుంటే ఏ ప్రమాదమూ రాదు.

పాల సంగతి మాత్రం చార్టు గాల్లోంచి తేలేదు. చరకసంహిత సూత్రస్థానం 26వ అధ్యాయంలో విరుద్ధాహారం, అంటే కలిపి తినకూడనివాటి జాబితా ఉంది. పుల్ల మామిడి, మాదీఫలం, రేగు, నేరేడు, వెలగ, చింత, పనస, అరటి, ఇంకా పుల్లనివన్నీ పాలతో వద్దని అందులో ఉంది. సుశ్రుతుడు అరటిపండుని పాలతోనూ, పెరుగుతోనూ, మజ్జిగతోనూ వద్దన్నాడు. కొన్ని పుల్లటి పళ్ళ విషయంలో కారణం వంటింట్లోనే కనిపిస్తుంది. అనాస ముక్కలు పాలలో వేసి మిక్సీ పట్టి పది నిమిషాలు పక్కన పెట్టండి. చేదెక్కుతుంది. అనాసలోని ఎంజైము పాల మాంసకృత్తుల్ని ముక్కలు చేస్తుంది. ఫంక్షన్లలో పెట్టే ఫ్రూట్ సలాడ్, కస్టర్డ్‌లో ద్రాక్ష, అనాస, కమలా కలిపేస్తారు, తప్పు ఇక్కడే. తియ్యగా పండిన మామిడి సంగతి వేరు. పాలతో కలిపిన మామిడిపండు బలాన్నిస్తుంది, వాతపిత్తాల్ని తగ్గిస్తుంది, అయితే అరగడానికి బరువు అని భావప్రకాశం చెబుతోంది. ఎండుద్రాక్ష, ఖర్జూరం పాలతో తినడానికీ అభ్యంతరం లేదు. ‘ఏ పండూ’ అన్న మాట దగ్గరే మీ చార్టు దారి తప్పింది.

అదే అధ్యాయంలో చార్టు రాసినవాళ్ళు వదిలేసిన మాట ఇంకోటుంది. విరుద్ధమైనదైనా సరే, అలవాటుపడినవాడికి, కొద్దిగా తిన్నవాడికి, జఠరాగ్ని అంటే అరుగుదల శక్తి బలంగా ఉన్నవాడికి, వయసులో ఉన్నవాడికి, వ్యాయామం చేసేవాడికి హాని చేయదని చరకుడు అన్నాడు. పెళ్ళిలో కొత్తజంటకి పాలూ అరటిపండూ పెట్టే ఇళ్ళే మనవి. పంచామృతంలో పాలూ పెరుగూ పక్కపక్కనే ఉంటాయి, చాలాచోట్ల అరటిపండు ముక్కలూ పడతాయి. తీసుకునేది ఉద్ధరిణెడు కాబట్టి సరిపోతోంది.

ఈ లెక్కన ముందు మీ మామగారి సంగతి చూడాలి, అన్నిటికంటే తొందరగా సరిదిద్దగలిగేది అదే. డెబ్భై ఏళ్ళ పైబడిన అలవాటు, ఇన్నాళ్ళూ దానివల్ల దగ్గు, కఫం, కడుపుబ్బరం వచ్చినట్టు మీరు రాయలేదు. అలాంటి అలవాటుని సాత్మ్యం అంటారు. అది మంచి అలవాటు కాదనుకున్నా, ఒక్కరోజులో తెంచడం చరకుడి పద్ధతి కాదు. అలవాటైన చెడుని నాలుగోవంతు చొప్పున తగ్గిస్తూ, ఆ చోటు మంచిదానితో నింపుతూ, ఒక్కో మెట్టుకీ మధ్య ఎడం ఒక రోజు, రెండు, మూడు ఇలా పెంచుకుంటూ పోవాలని సూత్రస్థానం ఏడో అధ్యాయంలో ఉంది. ఒక్కసారిగా ఆపితే కొత్త ఇబ్బందులు వస్తాయనే ఆ జాగ్రత్త. మీ ఇంట్లో అదే జరిగింది.

మీ ముందు రెండు దారులున్నాయి. ఒకటి, అలవాటుని అలాగే ఉండనిచ్చి కొలతా సమయమూ చూసుకోవడం. మధ్యాహ్నం మాత్రమే, పూటకి సగం చక్కెరకేళి, పుల్లబడని ఆ రోజు పెరుగు. రాత్రి పెరుగు వద్దు. ఇందులో ఆయనకి కోపం రాదు, అన్నం మళ్ళీ తింటారు. ఛాతీలో కఫం, భోజనమయ్యాక బరువుగా మగత మొదలైతే మాత్రం రెండో దారి పట్టాలి. అది నెమ్మదిగా మళ్ళించడం. మొదట ముప్పావు పండు, ఒక రోజు విడిచి సగం, తరవాత పావు. తగ్గిన భాగం నాలుగు గంటలకి విడిగా పండులా ఇవ్వండి. పెరుగన్నంలోకి ఆ చోటున ఉసిరికాయ పెట్టండి. నెయ్యి, పంచదార, పెసరకట్టు, తేనె, ఉసిరి, వీటిలో ఏదో ఒకటి లేకుండా పెరుగు తినవద్దన్నాడు చరకుడు. కార్తీకంలో ఊరేసుకునే ఉసిరికాయ పెరుగన్నంలోకి నంజుకునే మన అలవాటు ఆ మాటకి సరిగ్గా సరిపోయింది. బీపీ ఉంటే ఉప్పులో ఊరినది కాకుండా, తాజాకాయ దొరికే రోజుల్లో ఉడికించి గింజ తీసి పెట్టండి. నా మొగ్గు మొదటి దారి వైపే. ఆ వయసులో మనిషి కడుపునిండా అన్నం తినడం ముఖ్యం. మూత్రపిండాల జబ్బు ఉందని డాక్టరు చెప్పి ఉంటే మాత్రం అరటిపండు ఎంతవరకు తినవచ్చో అడిగే ఇవ్వండి, అందులో పొటాషియం ఎక్కువ.

విరేచనానికి నల్ల ఎండుద్రాక్ష. పళ్ళన్నిటిలో ద్రాక్ష శ్రేష్ఠమని చరకుడు పేరుపెట్టి చెప్పాడు. పన్నెండు పదిహేను కడిగి, అరగ్లాసు నీళ్ళలో రాత్రి నానబెట్టి, పొద్దున చేత్తో పిసికి, గింజలుంటే తీసేసి, గుజ్జుతో సహా ఇవ్వండి. వెంటనే గోరువెచ్చని నీళ్ళు ఒక గ్లాసు. మూడు నాలుగు రోజుల్లో తేడా తెలుస్తుంది. రెండు వారాలైనా తెలియకపోయినా, విరేచనంలో రక్తం కనిపించినా, బరువు తగ్గుతున్నా, ఆ వయసులో ఇంటి వైద్యంతో కాలం గడపకుండా డాక్టరుకి చూపించాలి.

మాటల సంగతికి వేరే మందు లేదు. రేపు మధ్యాహ్నం కంచం పక్కన పండు మీరే పెట్టండి. ‘సగం తినండి మామయ్యా, మిగతాది సాయంత్రం ఇస్తాను’ అంటే చాలు. బండి దగ్గరి సంగతి ఎత్తకండి.

ఇప్పుడు మీరు. పరగడుపున పులుపు, అదీ ఫ్రిజ్‌లోంచి తీసినది, పైన నిమ్మరసం, ఉప్పూకారం. మంట రాకపోతేనే ఆశ్చర్యం. దానికి తోడు ఇది వానాకాలం. ఈ రుతువులో జఠరాగ్ని మందంగా ఉంటుంది, పిత్తం లోపల పోగవుతుంది, శరత్తులో బయటపడుతుంది అని ఆయుర్వేదం చెబుతుంది. మన విశాఖ ఉక్కపోతలో ఆ మందం ఇంకాస్త తెలుస్తుంది. పులుపు సాధారణంగా పిత్తాన్ని పెంచుతుంది, దానిమ్మ, ఉసిరి తప్ప అని చరకుడి మాట. మీరు ఎంచుకున్నవి ఆ రెండూ కాదు, మిగతావన్నీ. ఇంకో సంగతి. అనాస, బొప్పాయి, జామ, సపోటా పోర్చుగీసువాళ్ళ కాలం నుంచి మన దేశానికి చేరిన పళ్ళు. చరకుడికి, సుశ్రుతుడికి ఇవి తెలియవు. వీటి మీద ‘ఋషివాక్యం’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. వీటి రుచి, బరువు, తిన్నాక ఒంట్లో కనిపించే గుణం చూసి వైద్యులు తరవాత అంచనా వేసుకున్నారు.

టిఫిన్ మళ్ళీ మొదలుపెట్టడం తేలికైన దారి. వేడివేడి పెసర జావో, గోధుమరవ్వ ఉప్మానో కొద్దిగా తిని, పండుని పదకొండుకో సాయంత్రం నాలుగున్నరకో మార్చుకోండి. ఒక పూట ఒకటే రకం: దానిమ్మ గింజలు ఒక చిన్న కప్పు, లేదా తియ్యటి ద్రాక్ష పదిహేను, లేదా ఒక సపోటా. ముందు తిన్నది అరిగిందో లేదో చూసుకునే గుర్తులున్నాయి. తేన్పు వస్తే అందులో కూర వాసన ఉండకూడదు, ఒళ్ళు తేలిగ్గా ఉండాలి, ఆకలీ దాహమూ తెలియాలి. అవి లేకపోతే ఆ పూట పండు దాటేయండి. రెండు మూడు వారాలు అనాస, కమలా, నిమ్మ, చాట్ మసాలా పూర్తిగా ఆపాలి. ఇలా చేస్తే తగ్గిన రెండు కిలోల్లో కొంత తిరిగి రావచ్చు.

బరువు కోసం పండు టిఫినే ఉంచుకోవాలని మీకుంటే, దాన్ని ఉడికించండి. ఒక యాపిల్ చెక్కు తీసి ముక్కలు కోసి, అరకప్పు నీళ్ళు, రెండు లవంగాలు వేసి, మూతపెట్టి సన్నసెగ మీద పది నిమిషాలు. ముక్క వేలితో నొక్కితే మెదగాలి. దించి, అర చెంచా నెయ్యి వేసి వెచ్చగా తినండి. మంట తగ్గుతుంది గానీ పన్నెండింటికే ఆకలేస్తుంది, అప్పుడు జంతికలు, చేగోడీల జోలికి పోతే ఈ శ్రమంతా వృథా. రాత్రే కోసి పెట్టడం ఏ దారిలోనైనా మానేయండి. తినబోయే అరగంట ముందు పండు ఫ్రిజ్‌లోంచి తీసి బయట ఉంచి, అప్పుడు కోసుకోవాలి. మింగడం కష్టమైనా, విరేచనం నల్లగా వచ్చినా, మూడు వారాలకీ మంట తగ్గకపోయినా కడుపు డాక్టరుకి చూపించుకోండి.

మీ వారి విషయంలో ఇలా దారులు చెప్పను. గ్లిమిపిరైడ్ ఉన్న మాత్ర వేసుకుని టిఫిన్ మానకూడదు. ఆ మందు తిండి ఉన్నా లేకున్నా ఇన్సులిన్‌ని బయటికి నెడుతుంది. నాలుగు బొప్పాయి ముక్కలు దానికి చాలవు. చెమటలు, వణుకు చక్కెర పడిపోయిన గుర్తులు కావచ్చు, యంత్రాల మధ్య పనిచేసేచోట అది చిన్న విషయం కాదు. రేపటి నుంచే మామూలు టిఫిన్ పెట్టండి, ఆ రెండు సంఘటనలూ మందు రాసిన డాక్టరుకి చెప్పండి, రాత్రి షిఫ్టు వారాల్లో మాత్ర ఎప్పుడు వేసుకోవాలో కూడా అడగండి. మాత్ర సొంతంగా ఆపవద్దు. జేబులో గ్లూకోజు పొడి పొట్లం ఉంచుకోమనండి. వణుకు రాగానే మూడు చెంచాలు నీళ్ళలో కలుపుకుని తాగి, పదిహేను నిమిషాలకి షుగరు మీటరుతో చూసుకోవాలి. 70 కంటే తక్కువుంటే మళ్ళీ అంతే తాగి, 70 దాటాక ఏదైనా తినాలి.

పండు ఆయనకి నిషిద్ధం కాదు. టిఫిన్‌కీ భోజనానికీ మధ్య, ఒకసారికి నూరు గ్రాముల చొప్పున: ఒక చిన్న జామకాయ, సగం యాపిల్, పది పన్నెండు నేరేడుపళ్ళు, రెండు పెద్ద బొప్పాయి ముక్కలు. కొరికి నమలాలి, రసం వద్దు. మూడు నాలుగు బత్తాయిలు పిండితేగానీ గ్లాసు నిండదు, అన్ని పళ్ళు కూర్చుని ఒలుచుకుని ఎవరూ తినరు. కొత్త పండు తిన్న రోజు తినేముందు ఒకసారి, రెండు గంటలకి ఒకసారి మీటరు పెట్టి ఒక పుస్తకంలో రాసుకుంటే, ఏది ఆయనకి పడుతుందో నెలలో తేలిపోతుంది.

అబ్బాయి గురించి ఎక్కువ బెంగ అక్కర్లేదు. వయసు, వ్యాయామం, ఆకలి, చరకుడి మినహాయింపులన్నీ వాడికి వర్తిస్తాయి. ముక్కు దిబ్బడ ఒక్కటే అడ్డు. అరటిపండు, చల్లటి పాలు రెండూ కఫాన్ని పెంచేవే. నాలుగు వారాలు షేక్ ఆపి, జిమ్ అయ్యాక రెండు అరటిపళ్ళు విడిగా, గంటన్నర తరవాత గోరువెచ్చని పాలు చిటికెడు పసుపూ మిరియాలపొడితో తాగమనండి. ముక్కు తేలికపడితే వాడికే అర్థమవుతుంది. పడకపోతే అది దుమ్ము ఎలర్జీయో ఇంకేదో, అరటిపండు మీద నింద వేయక్కర్లేదు. షేకే కావాలంటే ఖర్జూరాలు నాలుగు నానబెట్టి పాలలో కొట్టుకోవచ్చు.

కొనేటప్పుడు ఒకటి చూసుకోండి. రైతుబజారైనా, పూర్ణా మార్కెట్టయినా గెల మొత్తం ఒకే పసుపు రంగులో మెరుస్తూ, కాడ పచ్చగా, లోపల గట్టిగా ఉంటే అది తొందరపెట్టి ముగ్గించినది. కార్బైడుతో ముగ్గించడం చట్టప్రకారం నిషేధం, ఇథిలీన్ వాయువు పరిమితిలో అనుమతి ఉంది, చూపుతో రెండిటినీ విడదీయలేం. చక్కెరకేళి ఇంట్లో రెండు రోజులు వేలాడదీసి, తొక్క మీద గోధుమ చుక్కలు పడ్డాక మామగారికి పెట్టండి. పచ్చిగా ఉన్నది పెడితే విరేచనం ఇంకా బిగుస్తుంది.

ఇంకొన్ని రోజుల్లో ఏజెన్సీ నుంచి సీతాఫలాలు దిగుతాయి, అప్పుడు మళ్ళీ చార్టు వెతుక్కోకుండా ఇప్పుడే చెబుతాను. తియ్యన, చల్లన, బరువు. అబ్బాయికి ఒకటి, జలుబు లేని రోజున. మీకు సగం, మధ్యాహ్నం మూడు నాలుగు గంటల మధ్య. మీ వారికి రెండు మూడు చెంచాల గుజ్జు, ఆ రోజు ఇంకో పండు లేకుండా. మామగారికి గింజలన్నీ తీసి చిన్న కప్పు గుజ్జు. ఆ పూట పెరుగన్నంలో అరటిపండు ఉండదని ముందే ఆయనకి చెప్పండి.